సిగ్నల్ వైపు గోల్

ఏటిగడ్డ జంక్షన్ రైల్వే కాలనీలో డెస్మండ్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు ఉండేవాడు; గోల్ కొట్టడంలో ఎంత దిట్టో, గోల్ ఆపలేనివాణ్ణి తీసిపారేయడంలో అంతకంటే దిట్ట.

అతని తండ్రి పెర్సీ ఆంగ్లో ఇండియన్, బొగ్గు ఇంజన్ డ్రైవరు. తల్లి కోటమ్మది పట్టాల అవతల ఉన్న ఊరు. కాలనీలో అతను డెస్మండ్, ఊళ్లో దేసయ్య. ఆదివారం పొద్దున తండ్రి పక్కన నిలబడి చర్చిలో పాట పాడేవాడు. మధ్యాహ్నం అమ్మమ్మ ఇంట్లో గోంగూర కలుపుకుని తినేవాడు. రెండు చోట్లా ముద్దుబిడ్డే. చిక్కల్లా ఏడాదికి ఒక్కరోజు వచ్చేది. ఆ రోజు కాలనీకీ ఊరికీ ఫుట్‌బాల్ పందెం. అతను ఎవరి వైపు ఆడాలి?

"పెర్సీ కొడుకు. మావాడే" అన్నారు కాలనీవాళ్లు.

"మా కోటమ్మ కన్నబిడ్డ. మావాడు కాకపోతే ఇంకెవరివాడు?" అన్నారు ఊరివాళ్లు.

మాటామాటా పెరిగింది. చివరికి స్టేషన్ మాస్టరు మధ్యలోకి వచ్చాడు. "మొదటి సగం కాలనీకి ఆడతాడు. రెండో సగం చొక్కా మార్చుకుని ఊరికి ఆడతాడు. ఇక ఎవరూ నోరెత్తకండి" అన్నాడు. ఇలాంటి ఒప్పందం ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు గాని, అక్కడ మాత్రం ఎనిమిదేళ్లు నడిచింది.

అందులోంచి ఇంకో వింత పుట్టుకొచ్చింది. కాలనీకి ఆడిన మొదటి సగంలో డెస్మండ్ ఒక్క గోల్ కొడితే గొప్ప. ఊరికి ఆడిన రెండో సగంలో మాత్రం మూడో నాలుగో కొట్టేవాడు. ఒక ఏడు కాదు, ప్రతి ఏడూ అంతే. ఎందుకలా? "తల్లిపాల బలం" అని ఊరివాళ్లు మీసాలు మెలేసేవారు. "గోంగూర పెట్టి బుట్టలో వేసుకున్నారు" అని కాలనీవాళ్లు గొణిగేవారు. పెర్సీ అయితే పందెం అయ్యాక రెండు రోజులు భార్యతో మాట్లాడేవాడు కాదు. పాపం కోటమ్మ ఏం చేసిందని!

రెండో సగంలో ఆ గోల్స్ అన్నీ తిన్నవాడు కాలనీ గోల్ కీపర్ క్లారెన్స్. అతను డెస్మండ్‌కి పెదనాన్న కొడుకు.

"ఎండ సూటిగా కళ్లలో కొడుతోంది, డెస్. నువ్వు కొట్టిన బంతి మీదికి వచ్చేదాకా కనబడటం లేదు" అన్నాడు క్లారెన్స్ ఒకసారి.

డెస్మండ్ నవ్వాడు. "ఒకటే మైదానం, ఒకడే సూర్యుడు. నాకు తగలని ఎండ నీకెక్కణ్ణుంచి వచ్చింది, మ్యాన్?"

ఎనిమిదో ఏడు, పెద్ద రైల్వే జట్టుకు మనుషులను ఏరడానికి ఒక పెద్దమనిషి వచ్చి పందెం చూశాడు. డెస్మండ్ పేరు అక్కడికక్కడే రాసుకున్నాడు. తరువాత, "ఆ కీపర్ చేతులు మంచివే. మొదటి సగం బాగా ఆపాడు. నీకు తెలిసినవాడే కదా, ఎలాంటివాడు?" అని అడిగాడు.

"వాడికి బంతి కనిపించదు సార్" అన్నాడు డెస్మండ్.

పెద్దమనిషి పుస్తకం మూసేశాడు. క్లారెన్స్ తన గ్లవుజులు గోడ మేకుకు తగిలించి, రైలు దారి మళ్లించే పాయింట్స్‌మన్ పనిలో చేరాడు. మళ్లీ మైదానం వైపు రాలేదు.

డెస్మండ్ పెద్ద ఊళ్లలో ఆడాడు, పేరు తెచ్చుకున్నాడు. ఎదురెండలో ఆడిన రోజున గోల్స్ పడేవి కావు. దానికి తోటివాళ్లు బంతి సరిగ్గా అందించలేదనేవాడు. ఆట మానేశాక కోచ్ అయ్యాడు. కీపర్లను చొక్కాలు మార్చినట్టు మార్చేవాడు. జుట్టు నెరిశాక జిల్లా ఫుట్‌బాల్ సంఘంలో పరిశీలకుడయ్యాడు. ఆయన సంతకం పెడితే ఒకరి బతుకు మారుతుంది. పెట్టకపోతే అక్కడే ఆగుతుంది.

ఒక ఏడు ఆడపిల్లల పోటీలు ఏటిగడ్డలోనే జరిగాయి. ఆఖరి ఆట ఏటిగడ్డ జట్టుకూ, కొండపేట జట్టుకూ. జిల్లా నుంచి ఒక్క గోల్ కీపర్ పేరు రాష్ట్ర జట్టుకు పంపాలి. ఆ పేరు రాయాల్సింది డెస్మండ్.

ఆ మైదానానికి పడమటి చివర ఇంజన్ల షెడ్డు, తూర్పు చివర సిగ్నల్ స్తంభం. ఆట మొదలయ్యే వేళకు షెడ్డు నీడ పడమటి గోల్ మీద చల్లగా పరుచుకునేది. అందుకని మొదట షెడ్డు వైపు నిలబడటం అక్కడ పెద్ద గౌరవం. దొరల కాలం నుంచీ ఆ గౌరవం కాలనీ జట్టుది. పైఊళ్ల జట్లు రావడం మొదలయ్యాక, అతిథి మర్యాదగా వాళ్లకు ఇచ్చేవారు. టాస్ వేయడమనే మాటే అక్కడ లేదు. అతిథులకు నీడ ఇచ్చామని ఊరంతా మురిసిపోయేది.

ఆ రోజు కూడా కొండపేటవాళ్లకు షెడ్డు వైపు ఇచ్చారు. వాళ్ల కీపర్ పైడమ్మకు పదిహేడేళ్లు. మొదటి సగంలో ఒక్క బంతినీ పోనివ్వలేదు. విరామం తరువాత జట్లు చోట్లు మార్చుకున్నాయి. పైడమ్మ సిగ్నల్ వైపు గోల్‌లోకి వచ్చింది. నాలుగు గోల్స్ పడ్డాయి. డెస్మండ్ పెదవి విరిచి, కాగితం మీద ఆమె పేరు ఎదురుగా "బంతి కనిపించదు" అని రాశాడు.

ఆట ముగిసింది. జనం కప్పు చుట్టూ మూగారు. మోకాళ్లు చెక్కుకుపోయిన పైడమ్మ డెస్మండ్ కుర్చీ దగ్గరకు వచ్చింది.

"సార్, ఒక్కమాటండి."

"ఫిర్యాదైతే రాసి ఇవ్వు."

"ఫిర్యాదు కాదండి. మీరు ఒక్కసారి వచ్చి నా గోల్‌లో నిలబడండి. పొద్దు ఇంకా ఉంది."

"నలభై ఏళ్లకు పైగా ఎరిగిన మైదానమమ్మా ఇది. ఇందులో ప్రతి గడ్డిపోచా నాకు తెలుసు."

"ఆ గోల్‌లోంచి చూశారాండి?"

డెస్మండ్ ఆ గోల్ వైపు చూశాడు. ఆ గోల్‌లోకి వందల బంతులు కొట్టాడు. ఆ వలను ఎన్నోసార్లు ఊపాడు. కానీ దానికి వీపు ఆనించి ఎప్పుడైనా నిలబడ్డాడా? అక్కణ్ణుంచి ఏం కనిపిస్తుంది? ఇంత వయసు వచ్చాక ఆయనకు చిన్నపిల్లాడి కుతూహలం పుట్టింది. కాగితం కుర్చీలో పెట్టి లేచాడు.

సిగ్నల్ వైపు గోల్‌లోకి వెళ్లి, రెండు స్తంభాల మధ్య నిలబడి, మొహం పడమరకు తిప్పాడు. పొద్దు షెడ్డు రేకుల మీద వాలి ఉంది. కళ్లు బైర్లు కమ్మాయి. మైదానం లేదు, పైడమ్మ లేదు, బంతి లేదు. అంతా ఒకటే వెలుగు.

"కొట్టు" అన్నాడు.

దబ్‌మని శబ్దం వినబడింది. అంతే, బంతి వచ్చి రొమ్ము మీద గుద్దింది. తెల్ల చొక్కా మీద మట్టి ముద్ర పడింది.

"ఇంకోటి" అన్నాడు. అది చెవి పక్కగా దూసుకుపోయి వలలో పడింది. మూడోసారి ఆయన చేతులు పైకి లేచాయి. బంతిని పట్టడానికి కాదు, మొహం కాచుకోవడానికి.

డెస్మండ్ అక్కడే గీత మీద కూలబడి లెక్క వేశాడు. తన రోజుల్లో మొదటి సగం కాలనీకి ఆడుతూ ఈ గోల్ మీదికే వచ్చేవాడు. విరామంలో జట్లు చోట్లు మార్చుకునేవి. సరిగ్గా అప్పుడే తనూ జట్టు మారేవాడు. అంటే రెండో సగంలోనూ ఈ గోల్ మీదికే. ఎనిమిదేళ్లు రెండు జట్లకూ ఆడాడు, కానీ షెడ్డు వైపు గోల్ మీదికి ఒక్కసారీ పోలేదు. ఎండ ఎప్పుడూ తన వీపు మీదే ఉండేది. పొద్దు వాలిన కొద్దీ ఎదురుగా ఉన్న క్లారెన్స్ కళ్లలో పడేది. తల్లిపాలూ కాదు, గోంగూరా కాదు. ఆ గోల్స్‌లో సగం పొద్దు కొట్టినవి.

ఆయన లేచి కాగితం మీద రాసిన మాటలు కొట్టేశాడు. "పేరు రేపు పంపుతాను. కీపర్లిద్దరినీ ఇదే వేళకు మళ్లీ చూస్తాను, రెండు గోల్స్‌లోనూ" అన్నాడు. "ఇకమీదట ఈ మైదానంలో టాస్ వేసే ఆట మొదలుపెట్టాలి."

"అతిథులకు నీడ ఇవ్వడం మన మర్యాద కదండీ?" అన్నాడు పోటీల నిర్వాహకుడు.

"ముందు నీడ ఇచ్చి, తరువాత కళ్లు పొడుస్తున్నాం. నేనూ ఇన్నాళ్లూ మర్యాదే అనుకున్నాను."

మైదానం నుంచి ఆయన నేరుగా క్లారెన్స్ ఇంటికి నడిచాడు. క్లారెన్స్ వరండాలో పాత కుర్చీకి నవారు బిగిస్తున్నాడు.

"చొక్కా మీద ఆ మట్టేమిటి, డెస్?"

"సిగ్నల్ గోల్‌లో నిలబడ్డాను."

క్లారెన్స్ చేతిలో నవారు ఆగింది. "బంతి కనబడిందా?"

"లేదు. ఆ రోజు ఆ పెద్దమనిషి నీ గురించి అడిగితే, నీకు బంతి కనిపించదని చెప్పాను. నీ బతుకు పాడుచేశాను" అన్నాడు డెస్మండ్.

క్లారెన్స్ పట్టాల వైపు చూశాడు. "ఆ గోల్ నుంచి మా ఇల్లు రెండు ఫర్లాంగులు. నీకు నలభై ఏళ్లు పట్టింది, మ్యాన్" అన్నాడు. మళ్లీ నవారు బిగిస్తూ అన్నాడు: "రేపు ఆ పిల్లను చూసేటప్పుడు నన్నూ పిలు. ఆ గోల్‌లో ఏ వేళకు ఎండ ఎక్కడ పడుతుందో నాకంటే తెలిసినవాడు లేడు."

మర్నాడు అదే వేళకు గోల్ వెనక ఇద్దరు ముసలివాళ్లు కూర్చున్నారు. కీపర్లిద్దరూ ఒకరి తరువాత ఒకరు రెండు గోల్స్‌లోనూ నిలబడ్డారు. పైడమ్మ ఇరవై బంతుల్లో పదిహేడు ఆపింది. రాష్ట్ర జట్టుకు ఆమె పేరే వెళ్లింది. కప్పు మాత్రం ఏటిగడ్డలోనే ఉండిపోయింది, క్లారెన్స్ గ్లవుజులు మేకుకే ఉండిపోయినట్టు. జరిగిపోయినదాన్ని ఏ సంతకమూ వెనక్కి తేలేదు.

నీతి: రెండు వైపులా ఆడినంత మాత్రాన రెండు వైపులా తెలిసినట్టు కాదు, ఎదుటివాడు నిలబడిన చోట నిలబడి చూడనిదే అతను చేతకానివాడని తీర్పు చెప్పకూడదు.