తూము పక్కన విస్తరి

అడవి అంచున, వాగు ఒడ్డున ఒక పాలకేంద్రం ఉండేది. దాన్ని నడిపేది నల్లమంగ అనే గేదె. నడక నెమ్మది, మాట నెమ్మది, బుర్ర మాత్రం చురుకు. చుట్టుపక్కల ఆవులూ మేకలూ ఆమెను నమ్మే పాలు పోసేవి. అయితే శుభ్రం చేసే ముసలి ఉడతలు పని మానుకున్నప్పటి నుంచి పాలు పదేపదే విరిగిపోతున్నాయి. "ఇంకొక్కసారి విరిగితే అవతలి ఒడ్డు కేంద్రానికి పోస్తాం" అని ఆవులు మొహం మీదే చెప్పేశాయి. అవి వెళ్ళిపోతే ఇక తాళం వేసుకోవడమే.

శుభ్రం చేసే కాంట్రాక్టు ఇస్తానని నల్లమంగ చాటింపు వేయించింది. ముందుగా నక్క జంబులయ్య మెడలో కండువాతో, వెనక పరివారంతో దిగాడు.

"మాది అల్లాటప్పా పని కాదమ్మగారూ. ఏనుగుగారి కచేరీ మాదే, సింహంగారి గుహ మాదే. మీ కేంద్రాన్ని అద్దంలా మెరిపిస్తాం."

తర్వాత కాకి బంగారి వచ్చింది. వాలుతూనే మొదలుపెట్టింది.

"నీళ్ళ తొట్టి ఏదీ? తూము రెండు పూటలా కడగాలి. క్యాన్లు బోర్లించి ఎండబెట్టాలి. మేం పనిలో ఉండగా ఎవరూ అడ్డం రాకూడదు. ఇష్టమైతే చెప్పు గేదమ్మా, లేకపోతే నా దారి నాది."

లెక్కలు చూసే మేక సీతాలు మూతి తిప్పుకుంది. "అదేం నోరు వదినా? నక్కబావకే ఇచ్చేద్దాం. ఎంత మర్యాదస్తుడు."

"మర్యాదతో క్యాన్లు కడుగుతామా సీతాలూ? చెరో రోజు చేయించి చూద్దాం. మన ఆచారం ఎటూ ఉందిగా, పని చేసినవాళ్ళకి ఆ పూట భోజనం ఇక్కడే."

మొదటి రోజు నక్కలది. పొద్దెక్కేసరికి వాకిట్లో ముగ్గు, అరుగు మీద మెరుపు, గుమ్మంలో సాంబ్రాణి పొగ. సీతాలు మురిసిపోయింది. నల్లమంగ మాత్రం గోడవార పెరట్లోకి సాగిపోతున్న చీమలబారును గమనించింది.

"ఇవాళ కూరేమిటమ్మగారూ?" అన్నాడు జంబులయ్య.

"సొరకాయ పులుసు. వెనక కూడా అయినట్టేనా?"

"ఎంత మాట. మేం చేతులు పెట్టాక ఈ కేంద్రంలో ఎక్కడ విస్తరి వేసినా కళ్ళకద్దుకుని తినొచ్చు."

"అంత మాటన్నావు, చాలు. సీతాలూ, విస్తర్లు వెనక తూము పక్కన వెయ్యి."

జంబులయ్య మొహం మాడింది. "అరుగు మీద గాలి బాగుంటుందేమోనమ్మా."

"నీడ అక్కడే" అంటూ నల్లమంగ దారి తీసింది.

తూములో పాత పాలు పులిసి పాచిపట్టి ఉన్నాయి. పులుసు వడ్డించడం ఆలస్యం, ఈగలు ముందు పంక్తిలో కూర్చున్నాయి. నక్కలన్నీ తోకలతో ముక్కులు మూసుకున్నాయి. కంపు అంటే కడగలేదని ఒప్పుకున్నట్టు, కాదంటే తినాలి. జంబులయ్య తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"ఇవాళ నాకు ఉపవాసమమ్మా."

"ఉపవాసమున్నవాడు కూరేమిటని అడుగుతాడా నాయనా?"

పరివారం ఒక్కొక్కటే జారుకుంది. జంబులయ్య కండువా సర్దుకుని, ఖాళీ కడుపుతో వాకిలి దాటాడు. తన ముగ్గును తనే తొక్కుకుంటూ పోయాడు.

"పైన పటారం, లోన లొటారం" అంది సీతాలు, సిగ్గుపడుతూ.

మర్నాడు కాకులు గోల గోలగా వచ్చి నేరుగా తూము మీద పడ్డాయి. పాచి గీకాయి, నీళ్ళు కొట్టాయి, క్యాన్లు బోర్లించాయి. ముగ్గూ లేదు, సాంబ్రాణీ లేదు. చీమలబారు మాత్రం ఎటు పోయిందో కనబడలేదు. మధ్యాహ్నం తూము పక్కనే విస్తర్లు వేస్తుంటే, నల్లమంగ తనకూ ఒకటి అక్కడే వేయించుకుంది.

బంగారి ఒక మెతుకు నోట్లో వేసుకుని మొహం చిట్లించింది. "పులుసులో ఉప్పు లేదు."

నల్లమంగకు ప్రాణం లేచొచ్చింది. తూము పక్కన కూర్చున్నవాళ్ళకు కంపు తెలియడం లేదు, ఉప్పు తెలుస్తోంది. ఇంతకన్నా ఏం కావాలి?

"రేపు సరిగ్గా వేయిస్తాలే. రేపూ రా, ఎల్లుండీ రా" అంది.

ఆ ఎండాకాలమంతా పాలు విరగలేదు, ఆవులు వాగు దాటలేదు.

నీతి: పనివాడి సంగతి వాకిలి చెప్పదు, తూము చెబుతుంది.