చుక్కా, చొక్కా

ఒకానొక కొండరాజ్యాన్ని సుగంధసేనుడనే రాజు ఏలేవాడర్రా. ఆయనకు మూలికల తైలాలు తీయడమంటే మహా పిచ్చి. "ఆకుల్లోంచి వచ్చింది ఎవరికీ కీడు చెయ్యదు" అనేవాడు. కాదన్నవాడికి దేశబహిష్కారమే.

ఒకనాడు నెలల పిల్లాడైన యువరాజుకు జలుబు చేసింది. "రేపు నిండుసభలో నా పుదీనా తైలం బాబు ముక్కుకు రాస్తాను. నాకు సరిపోయింది నా బిడ్డకు సరిపోదా?" అన్నాడు రాజు.

ఆ సాయంత్రమే రాణిగారి పెంపుడు పిల్లి మీద ఆ తైలం ఒలికింది. పిల్లి ఒళ్ళు నాక్కోక మానదు కదా! కాసేపటికి నోట చొంగ కార్చుకుంటూ, కాళ్ళు తడబడి కూలిపోయింది.

రాణి వెంటనే చమత్కారిగా పేరున్న ఆస్థాన పండితుడు కొండుభట్టును పిలిపించింది.

"భట్టుగారూ, పిల్లికే ఇలా అయితే నా పసివాడి గతేమిటి? ఎదురు చెబితే ఆయన వినరు."

"నాకూ భయంగానే ఉందమ్మా. ఆకు వేరు, తైలం వేరు. గంపెడు ఆకుల ఘాటు ఒక్క చుక్కలో ఉంటుంది. పసివాళ్ళ ముక్కు దగ్గర పెడితే ఊపిరే ఆగిపోవచ్చు. బాబు చొక్కా ఒకటి ఇప్పించండి."

మర్నాడు సభలో, బాబును ఒళ్ళో పెట్టుకుని రాజు సీసా మూత తీశాడు. ఘాటు గుప్పుమంది. బాబు ఉక్కిరిబిక్కిరయ్యాడు. రాజు తైలంలో వేలు ముంచబోయాడు.

"ప్రభూ, ఒక్క క్షణం! ముందు ఈ చొక్కా తొడుక్కోండి" అంటూ కొండుభట్టు బాబు చొక్కా చాచాడు.

"మతి పోయిందటయ్యా? ఇది బాబుది!"

"తమకు సరిపోయింది బాబుకు సరిపోతుందన్నారు. మరి బాబుకు సరిపోయింది తమకు సరిపోదా? లేక తమ మాటే తప్పా?"

రాజుకు పౌరుషం పొడుచుకొచ్చింది. బాబును రాణికిచ్చి చొక్కాలో తల దూర్చాడు. అది సరిగ్గా ముక్కూ నోరూ మూసేసి బిగుసుకుపోయింది.

"ఊ... ఊపిరి!" అంటూ గిలగిల్లాడాడు. సభలో ఒక్కడూ నవ్వలేదు. కొండుభట్టు చొక్కాను పర్రున చింపేశాడు.

"చొక్కా గనుక చింపి తీశాను ప్రభూ. చుక్క బాబు ఊపిరిలోకి పోయాక దాన్నెలా తీసేది?"

రొప్పుతూ బాబు వంక చూసిన రాజు ముఖం పాలిపోయింది. తన చేత్తోనే సీసాకు మూత బిగించాడు. తైలాలన్నీ పిల్లలకూ జంతువులకూ అందకుండా గదిలో పెట్టి తాళం వేయించాడు. పిల్లి కోలుకోవడానికి మాత్రం చాన్నాళ్ళు పట్టిందర్రా.

ఆ రోజు సభ ముగిసేముందు రాజు కళ్ళు తుడుచుకుంటూనే పకపకా నవ్వాడు. తన పట్టుశాలువా తీసి కొండుభట్టుకు కప్పాడు.

"ఇది నీకు సరిపోతుందిలే, భయపడకు!"