డేగిసా మీద చెయ్యి

తాపీమేస్త్రీ ఖాసింపీరా గునపం భుజాన వేసుకుని బాబా దగ్గరికొచ్చాడు. రెండు రోజులుగా కంటిమీద కునుకు లేదు.

"పేరయ్యగారికి మిర్చి గోదాం కట్టాను కదా బాబా. సగం డబ్బు ఇంకా ఇవ్వలేదు. రేపు పొద్దున దాన్ని ఎవరికో అమ్మేస్తున్నాడు. నా దగ్గరున్న తాళంచెవి పంపమని కబురు పెట్టాడు. అమ్మాక ఇస్తాడట."

"నువ్వేమనుకుంటున్నావు?"

"తాళంచెవి ఇచ్చేసి కాళ్ళు పట్టుకుందామా అని కాసేపు, గోడ కూల్చేద్దామా అని కాసేపు. అది చేతులు మారితే ఇక నా మొహం చూసేదెవరు? పదకొండు మంది కూలీలు నా గుమ్మంలో కూర్చున్నారు. వాళ్ళకి మొహం చూపించలేక దొడ్డిదారిన వచ్చాను."

నూరుద్దీన్ బాబా దర్గాలో పేదలకు అన్నం వండిపెట్టే ముసలాయన. బోధలు చేసే అలవాటు లేదు. కష్టం చెప్పుకున్నవాడికి ఏదో ఒక పని పురమాయిస్తాడు. అందుకే ఆయనకు బద్ధకస్తులైన శిష్యులు లేరు.

"ముందు సైదులు దగ్గర్నుంచి మన డేగిసా పట్టుకురా" అన్నాడు.

పీకల మీదికొచ్చినవాడికి వంటగిన్నె గొడవా? ఖాసింపీరాకి ఏడుపొక్కటే తక్కువ. అయినా గునపం అక్కడే పడేసి వెళ్ళాడు.

బజారులో కళాయి సైదులు కొలిమి ముందు కూర్చుని ఉన్నాడు. కొత్తగా కళాయి పూసిన ఇత్తడి డేగిసా లోపలంతా తళతళలాడుతోంది. ఖాసింపీరా తీసుకోబోయాడు. సైదులు దాని మీద చెయ్యి వేశాడు.

"కూలి తెచ్చారా మేస్త్రీ?"

"బాబాగారిదయ్యా ఇది."

"తెలుసు. ఆయనంటే నాకు ప్రాణం. కూలిచ్చి తీసుకెళ్ళండి."

"ఇవ్వకపోతే? పూసిందంతా గీకేస్తావా?"

సైదులు నవ్వాడు. "ఎందుకండీ? గీకితే గిన్నె పాడు, నా పనీ పాడు. కూలి ముట్టేదాకా ఇక్కడే ఉంటుంది."

ఇంతలో ఒక హోటలాయన ఆగి డేగిసా ఎంతకిస్తావని అడిగాడు.

"బాబాగారి సొత్తండీ. దీని మీద నా కూలి ఉంది" అన్నాడు సైదులు, చుట్టూ నలుగురికీ వినబడేలా. హోటలాయన తన దారిన వెళ్ళిపోయాడు.

ఖాసింపీరా ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. బాబా చాప కింద నుంచి డబ్బు తీశాడు. లెక్కపెట్టి ఎప్పుడో సిద్ధంగా ఉంచిన డబ్బు.

"సైదులు మీద కోపమొచ్చిందా?"

"లేదు బాబా."

"మరి నీ కూలి నువ్వడగడానికి నీకెందుకంత భయం?"

ఖాసింపీరా ఆ డబ్బు తీసుకుని బజారుకి వెళ్ళాడు. కూలి ఇచ్చి డేగిసా తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. గునపం మాత్రం తీసుకోకుండానే వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే పదకొండు మందినీ వెంటబెట్టుకుని గోదాం మెట్ల మీద కూర్చున్నాడు. తాళంచెవి పిడికిట్లోనే ఉంది. పేరయ్య, కొనబోయే ఆసామిని వెంటబెట్టుకుని వచ్చి, తాళంచెవి కోసం నవ్వుతూ చెయ్యి చాచాడు.

ఖాసింపీరా లేచి నిలబడ్డాడు. ఆసామికి నమస్కారం పెట్టాడు.

"గోదాం పేరయ్యగారిదేనండీ. గట్టిగానే కట్టాం. దీని మీద మా కూలి ఉంది."

ఆసామి డబ్బు సంచి మూసి, పేరయ్య వైపు తిరిగాడు.