కొంగ పాతిన రెల్లు పుల్లలు

అనగనగా ఒక అడవిలో ఒక వాగు, ఆ వాగు ఒడ్డున ధవళయ్య అనే కొంగ. వరద తీయగానే వాగులో దిగి, తన పొడుగు కాళ్లతో లోతు చూసి, రెండు వరసల్లో రెల్లు పుల్లలు పాతడం ధవళయ్య ఉద్యోగం. ఆ వరసల మధ్య నుంచే జంతువులన్నీ అవతలి గట్టుకు మేతకు వెళ్లేవి. ఏనుగుకు ఏ లోతైనా ఒకటే కదర్రా! అందుకే అడవికి పెద్ద అయిన ఏనుగు ఆ పని కొంగకు అప్పజెప్పింది.

ఆ ఏడు నీళ్లు చల్లగా ఉన్నాయి. గట్టు మీద కప్పలేమో బొద్దుగా ఉన్నాయి. "పదేళ్లుగా చూస్తున్న వాగు! నాకు తెలియని లోతా?" అనుకున్నాడు ధవళయ్య. నీళ్లలో దిగకుండానే, ఎగురుతూ, నిరుడు పాతిన చోటే పుల్లలు గుచ్చేసి కప్పల మీద పడ్డాడు. వరదకు ఇసుకంతా కొట్టుకుపోయి అక్కడ గుంట పడిందని చూసుకోలేదు.

మర్నాడు దుప్పి గౌరమ్మ పిల్లతో వాగులో దిగింది. పుల్లల మధ్యే నడిచింది పాపం. పిల్ల బుడుంగున మునిగిపోయింది. ఏనుగు తొండంతో బయటికి లాగింది. ప్రాణం దక్కింది గానీ కాలు విరిగింది.

అడవి అంతా గట్టు మీద చేరింది.

"పుల్లలు ఎవరో జరిపారు. వాగులో తిరిగేది డిప్పమ్మ కాక ఇంకెవరు?" అంది నక్క. డిప్పమ్మ అంటే ముసలి తాబేలు.

ధవళయ్య నోరు తెరిచాడు. ఉద్యోగం పోతుందని మూసుకున్నాడు.

"డిప్పమ్మా, పొద్దు గూకేలోగా అడవి వదిలి పో!" అంది ఏనుగు.

ధవళయ్య మళ్లీ నోరు తెరిచాడు. "ఊరుకోవయ్యా, నీ పరువు దక్కింది!" అని నక్క గుసగుసలాడింది. ధవళయ్య ముక్కు మూసి, తల పక్కకు తిప్పుకున్నాడు.

డిప్పమ్మ మెల్లగా అతని దగ్గరికొచ్చింది. "నువ్వైనా చెప్పు నాయనా. నీ పుల్లలు నేనెప్పుడైనా ముట్టానా?"

ఇక ఆగలేదు ధవళయ్య. "ముట్టలేదమ్మా! తప్పు నాది. నీళ్లలో దిగకుండా పాతాను. గౌరమ్మా, నీ బిడ్డ కాలు విరగ్గొట్టింది నేనే," అన్నాడు గట్టిగా, అందరికీ వినపడేలా.

"డిప్పమ్మా, నువ్వెక్కడికీ పోవద్దు. ఛీ, ధవళయ్యా! నీకీ ఉద్యోగం లేదు పో!" అని ఏనుగు ఘీంకరించింది.

"తీసేయండి. కానీ అన్ని పుల్లలూ అలాగే పాతాను. నేను చూసేదాకా ఎవరూ కాలు పెట్టొద్దు!" అంటూ ధవళయ్య వాగులో దిగాడు. ఒక్కో పుల్లా పీకాడు. మెడదాకా మునిగాడు, వణికాడు, అయినా గట్టెక్కలేదు. సాయంత్రానికి కొత్త దారి తేలింది.

ఏనుగు గట్టు మీద నిలబడి, "రేపటి నుంచి ఈ పని ఎవరు చేస్తారు?" అని అడిగింది. నక్క ఛాతీ విరుచుకుని ముందుకొచ్చింది.

గౌరమ్మ దాన్ని పక్కకు నెట్టింది. "ధవళయ్యా, నిన్ను క్షమించాననుకోకు. నా బిడ్డ కుంటుతోంది. కానీ లోతెంతో అడగాలంటే మాత్రం నిన్నే అడుగుతాను. నువ్వు ముందు నడువు, నీ వెనక నేనొస్తా," అంది.

ధవళయ్య ముందు నడిచాడు. ఆ రోజు నుంచి ఆ అడవిలో ఒకటే కట్టుబాటు. పుల్ల పాతినవాడే ముందు దాటాలి.

నీతి: పదిమంది ప్రాణాలు మన పని మీద ఆధారపడినప్పుడు, తప్పును పదిమందిలోనే ఒప్పుకోవాలి, మన చేతులతోనే దిద్దుకోవాలి.