మంత్రిగారి ఫ్యాను

రాజులూ కరెంటూ రెండూ ఉన్న రోజుల్లో, కోట గోడ ప్లగ్గులో పిడికెడంత కంప్యూటర్ ఉండేది. పొలాలకు నీళ్ళొదిలే తూముల తలుపులన్నీ అదే ఎత్తేది. అయితే రోజూ మధ్యాహ్నం ఆగిపోయేది.

"కంప్యూటర్ నడవడానికి నువ్వెక్కించిన లినక్సే పనికిమాలింది. ఇంకోసారి ఆగితే ఊరొదిలి పో" అన్నాడు మంత్రి, దాన్ని అమర్చిన గవరమ్మతో.

గవరమ్మ కాపు కాసి చూసింది. మంత్రే కునుకు తీయబోతూ, నడుస్తున్న కంప్యూటర్ డబ్బాను పీకేసి అక్కడ తన ఫ్యాను పెట్టుకుంటున్నాడు. కంప్యూటర్ ఆగేది అందుకే. మంత్రి మీద చెబితే నమ్మేదెవరు? ఆమె డబ్బాకే ప్లగ్గు బొక్కలు అమర్చి, ఫ్యాను అందులో గుచ్చింది. ఇక డబ్బా పీకితే ఫ్యానూ ఆగుతుంది.

ఆ తర్వాత కంప్యూటర్ ఆగలేదు.

"లినక్స్‌లో ఏం బాగుచేశావమ్మా?" అన్నాడు రాజు.

"లినక్స్‌ని ముట్టుకోలేదు మహారాజా. ఇన్నాళ్ళూ అది ఆగితే రైతుల పొలాలే ఎండేవి. ఇప్పుడు మంత్రిగారికీ చెమట పడుతుంది."