ప్రింటర్ మింగిన చీటీ

దస్తగిరికి ఆ ప్రింటర్ మీద ఒళ్ళు మండిపోయింది. చీటీలోని ప్రతి అక్షరమూ పంపాడు. అది మింగి ఊరుకుంది.

పెన్న ఒడ్డున దర్గాలో నూరుద్దీన్ బాబా మందులిస్తారు. ఏ మందు ఎప్పుడు పొయ్యాలో ఇంగ్లీషు అక్షరాల్లో చీటీ అచ్చు తీసివ్వడం శిష్యుడు దస్తగిరి పని. కంప్యూటర్‌కీ ప్రింటర్‌కీ నడుమ డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటుండేది. అది ఇద్దరికీ మాట కుదిర్చేది. ఆ పొద్దున దాన్ని తీసేశాడు.

ప్రేమించినవాడికీ దేవుడికీ మధ్య తెర ఉండకూడదని బాబా ఎప్పుడో అన్నారు. ఆ మాట వాడి గుండెలో వెన్నెలలా పరుచుకుని ఉంది మరి.

"ఇక్కడ మాత్రం మధ్యవాడెందుకు బాబా? యూఎస్‌బీ తీగలో నేనే నేరుగా పంపుతా," అన్నాడు దాన్ని తీసేస్తూ.

ఇప్పుడు ఎదురుగా ఓబులమ్మ. ఆమె ఒళ్ళో మనవడు జ్వరంతో కాగిపోతున్నాడు.

"బిన్నా ఇయ్యి నాయనా, బస్సు పోతాది. నోటితో చెప్తే నాకు నిలవదు. చీటీ ఉంటే మా కోడలు చదివి పోస్తాది."

దస్తగిరి మళ్ళీ పంపాడు. ప్రింటర్ మీద పచ్చదీపం మినుకుమినుకుమంది. కాగితం రాలేదు. పళ్ళు కొరుకుతూ ఇంకోసారి పంపాడు. అంతే.

"చూడండి బాబా, దీని పొగరు! పేరు పంపినా, మందు పంపినా, ఎన్ని పూటలో పంపినా. ఒక్క ముక్క తప్పు లేదు. దీపం ఆర్పి వెలిగించి నన్ను ఎగతాళి చేస్తుందా!"

"దాన్ని తిడితే బిడ్డకు జరం దిగుతాదా?" అంది ఓబులమ్మ.

"నువ్వుండవ్వా! అన్యాయం కాదా ఇది? ఇంత చెప్తే రాయైనా పలుకుతుంది. పెన్నలో పారేస్తా దీన్ని!"

బాబా కల్వంలో మందు దంచుతూ, వాడు తిట్లు మొదలెట్టగానే చిన్న రోకలి పైకెత్తారు. దించలేదు. వాడు అరుస్తూనే ఉన్నాడు. రోకలి గాల్లోనే ఉంది.

దస్తగిరి అదీ చూశాడు. ఇంకా మండింది.

"ఎందుకట్లా పట్టుకుని కూచున్నారు? దంచండి, బిడ్డకు మందు కావాల!"

"నువ్వు అయిందనలేదు కదా నాయనా," అన్నారు బాబా.

దస్తగిరి ఏదో అనబోయాడు. నోరు తెరిచినవాడు తెరిచినట్టే ప్రింటర్ వైపు తిరిగాడు. పచ్చదీపం ఇంకా మినుకుతోంది.

ప్రతి చీటీ చివరా 'పేజీ అయింది' అని ప్రింటర్‌కు చెప్పే గుర్తొకటుంది. ఇన్నాళ్ళూ ఆ డ్రైవరే చెప్పేది. వాడు అన్నీ పంపాడు, అదొక్కటి తప్ప.

ఆ గుర్తొక్కటే పంపాడు. కాగితం మెల్లగా బయటికొచ్చింది. దాని మీద ఒకే చీటీ, ఒకదాని కింద ఒకటి, మూడుసార్లు.

బాబా పైముక్క చింపి, మందు పొట్లంతో పాటు ఓబులమ్మ చేతిలో పెట్టారు. ఆమె పిల్లవాణ్ణి భుజానేసుకుని బస్సుకు పరుగెత్తింది.

మిగిలిన కాగితం పట్టుకుని దస్తగిరి తల వంచుకున్నాడు.

"ఈ రెండూ ఏం చెయ్యను బాబా?"

"అవి నీ కోపానివి. దగ్గరుంచుకో."