మబ్బు పట్టిన రోజు ఎండ

కూర్మనాథం గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఆ రోజు తనకు ఏ పని ఉంటే ఆ పనికి అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ఒకప్పుడు కాలేజీలో జీవశాస్త్రం చెప్పిన మనిషి. ఉద్యోగం వదిలాక నౌపడ దగ్గర ఉప్పు మళ్ళ పక్కన చిన్న ఇల్లు కట్టుకుని, వచ్చినవాళ్ళకు తనకు తెలిసిన నాలుగు మంచి మాటలు చెబుతూ ఉండేవారు.

గవరయ్య ఆరేళ్ళుగా ఆయన శిష్యుడు. ఒక ఉదయం చేతిసంచీ సర్దుకుని వచ్చి ఎదుట కూర్చున్నాడు.

"నిన్న పాత స్నేహితుడొకడు నలుగురి ముందూ అన్నాడండి, ఊరికే తిండి దొరికే చోటు చూసుకున్నావని. అప్పుడు నవ్వేశాను. మజ్జిగ ఇచ్చి బస్సెక్కించాను కూడా. తీరా వాడు వెళ్ళిపోయాక, సాయంత్రానికి ఒళ్ళంతా మంట. ఇందాకటిదాకా వాణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాను. ఆరేళ్ళలో నాకు అబ్బిందేమీ లేదు. ఇంక మీ దగ్గర ఉండడం ఎందుకు?"

"రేపు వెళుదువుగాని. ఇవాళ మన పక్కనున్న పైడమ్మ మళ్ళో ఉప్పు తియ్యాలి, రా" అన్నారు గురువుగారు.

ఆకాశమంతా పల్చటి మబ్బు. సముద్రం మీంచి చల్లటి గాలి. పైడమ్మ కళ్ళు తప్ప ముఖమంతా గుడ్డ చుట్టుకుని ఉంది. గురువుగారు తలా మెడా కలిపి తువ్వాలు చుట్టుకుని, ఇంకొకటి గవరయ్యకు ఇవ్వబోయారు. ఎండే లేదు కదా అని అతను తీసుకోలేదు.

"ఏటి బాబూ, మబ్బుని నమ్ముకున్నారా? సాయంత్రం మీ మెడే సెప్తాది" అంది పైడమ్మ.

మధ్యాహ్నందాకా వంగి చెక్కపారతో ఉప్పు లాగాడు గవరయ్య. ఏమీ కాలేదు. వచ్చేముందు మెడ పైడమ్మకు చూపించి మరీ వచ్చాడు.

పొద్దు వాలేసరికి మెడ వెనక కందిపోయింది. చొక్కా కాలరు తగిలినా ఓర్చుకోలేకపోయాడు. గురువుగారు తడిగుడ్డ తెచ్చి వేశారు.

"అక్కడున్నంతసేపూ చల్లగానే ఉందండి. ఇప్పుడు సూర్యుడే లేడు. మరి కాలుస్తున్నది ఎవరు?"

"ఎవరూ లేరు. అతినీలలోహిత కిరణాలు కంటికి కనబడవు, వేడిగా తగలవు. పల్చటి మబ్బు వాటిని ఆపలేదు. తెల్లటి ఉప్పు మీంచి కూడా కొన్ని పైకి తిరిగొస్తాయి. అవి నీ చర్మకణాలను గాయపరిచి పోయాయి. దెబ్బతిన్న కణం అప్పుడు మొదలుపెట్టి ఒక ఎంజైమును తయారుచేసుకుంటుంది. దానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ ఎంజైము పుట్టించే పదార్థాలే రక్తాన్ని అక్కడికి రప్పిస్తాయి, ఎరుపూ మంటా తెస్తాయి. బాగుచేసుకునే పని అలా మొదలవుతుంది."

"అయితే ఈ మంట నాదేనా?"

"నీదే. గోక్కోకు. నాలుగు రోజుల్లో చల్లారుతుంది."

గవరయ్య మెడ మీది తడిగుడ్డ సర్దుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "ఆరేళ్ళు మీ దగ్గరున్నవాడికి అసలు మంటే పుట్టకూడదు కదండీ" అన్నాడు.

గురువుగారు లేచి, అతని చేతిసంచీ తీసుకెళ్ళి లోపలి గూట్లో పెట్టి వచ్చారు.

"గుమ్మం బయట నా తోలు చెప్పులున్నాయి చూడు, గవరయ్యా. ఎంత ఎండలో పడేసినా అవి కందవు."